యూరప్‌లో హాస్టల్ మంచం: బుకింగ్ నుంచి పరుపు కుట్ల దాకా

హాస్టల్ అనగానే మనకు అమీర్‌పేట గుర్తొస్తుంది. నెల అద్దె, మెస్ భోజనం, రాత్రి పదింటికి గేటుకు తాళం. యూరప్‌లో బ్యాక్‌ప్యాకర్లు దిగే హాస్టల్ సంగతి వేరు. అక్కడ అద్దెకిచ్చేది గదిని కాదు, మంచాన్ని. గదికి నాలుగు నుంచి పదహారు దాకా బంకు మంచాలుంటాయి. రేటు రాత్రి లెక్కన. బాత్రూమ్ ఉమ్మడి, వంటగది ఉంటే అదీ ఉమ్మడే.

నెల రోజులు పది, పన్నెండు ఊళ్లు తిరిగేవాళ్లకు విమానం టికెట్టు తర్వాత పెద్ద ఖర్చు పడకే. అందుకే చాలామంది బుకింగ్ యాప్‌లో 'తక్కువ ధర ముందు' అని నొక్కి, పైన కనబడినదాన్ని పట్టేసుకుంటారు. పొరపాటు అక్కడే మొదలవుతుంది. ఆ జాబితాలో కనబడేది మంచం రేటు. మీ జేబులోంచి పోయేది రాత్రి ఖర్చు. ఈ రెండిటి మధ్య తేడా ఒక్కోసారి సగానికి సగం ఉంటుంది.

మొదటి మెట్టు: తేదీలు, వీసా

హాస్టల్ వెతకడానికి ముందు ఊళ్ల వరస, ఏ ఊళ్లో ఎన్ని రాత్రులన్నది కాగితం మీద పెట్టండి. షెంగెన్ వీసాకు, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసాకు, ఎటూ ఇది కావాలి. ఉండబోయే రాత్రులకు బస ఆధారం, కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ప్రయాణ బీమా అడుగుతారు. షెంగెన్‌లో ఏ 180 రోజులు తీసుకున్నా 90 రోజులకు మించి ఉండకూడదు. ఏ దేశంలో ఎక్కువ రాత్రులుంటే ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. రాత్రులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. కాబట్టి హాస్టల్ రాత్రుల లెక్క వీసా లెక్క కూడా. ఇటలీలో ఆరు, ఫ్రాన్స్‌లో నాలుగు రాత్రులని చూపి వీసా తెచ్చుకుని, తర్వాత దాన్ని తిరగేస్తే సరిహద్దులో అడిగే ప్రశ్నలకు మీ దగ్గర జవాబుండదు. బ్రిటన్, ఐర్లాండ్ షెంగెన్‌లో లేవు. షెంగెన్ వీసా వాటికి పనికిరాదు.

వీసా కోసం చేసే బుకింగులన్నీ ఉచితంగా రద్దు చేసుకునే రకంవే ఎంచుకోండి. ఎన్నో తేదీ ఎన్ని గంటల దాకా రద్దు చేయొచ్చో చూసుకోండి. ఆ గడువు హాస్టల్ ఉన్న ఊరి టైమ్ ప్రకారం ఉంటుంది, మన టైమ్ ప్రకారం కాదు. చాలా యాప్‌లలో ముందు కట్టే చిన్న డిపాజిట్ తిరిగి రాదు. 'ఫ్రీ క్యాన్సిలేషన్' అని స్పష్టంగా రాసి ఉంటేనే వస్తుంది. వీసా చేతికొచ్చేదాకా ఒక్క బుకింగూ రద్దు చేయకండి. కాన్సులేట్ హాస్టల్‌కు ఫోన్ చేసి కనుక్కునే అవకాశం ఉంటుంది. ఏజెంట్లు అమ్మే ఉత్తుత్తి బుకింగ్ కాగితాల జోలికి అసలు వెళ్లకండి.

తేదీల విషయంలో ఇంకో మాట. మ్యూనిక్‌లో సెప్టెంబరు మూడో వారం నుంచి అక్టోబరు మొదటి వారం దాకా అక్టోబర్‌ఫెస్ట్ బీరు పండుగ. ఆగస్టులో ఎడిన్‌బరా పండుగలు. జులై 6 నుంచి 14 దాకా స్పెయిన్‌లోని పాంప్లోనాలో ఎద్దుల పరుగుల పండుగ. ఏప్రిల్ 27న ఆమ్‌స్టర్‌డామ్‌లో రాజుగారి పుట్టినరోజు వేడుక. ఆ రోజుల్లో మామూలు డార్మ్ (ఉమ్మడి గది) మంచం రేటు రెండింతలు, మూడింతలు పలుకుతుంది. పండుగ చూడాలనే వెళ్తే సరే. తెలియక వెళ్లి ఇరుక్కుంటేనే బాధ. శుక్ర, శనివారాల్లో ప్రాగ్, బుడాపెస్ట్, ఆమ్‌స్టర్‌డామ్‌లకు చుట్టుపక్కల దేశాల నుంచి పార్టీ గుంపులు దిగుతాయి. రేట్లు పెరుగుతాయి, నిద్ర తగ్గుతుంది. పెద్ద ఊళ్లను ఆదివారం నుంచి గురువారం మధ్యలో పెట్టుకుని, వారాంతాల్లో చిన్న ఊళ్లకు వెళ్తే డబ్బూ నిద్రా రెండూ మిగులుతాయి.

రెండో మెట్టు: రాత్రి ఖర్చు లెక్క

వేసవిలో పశ్చిమ యూరప్ రాజధానుల్లో ఒక డార్మ్ మంచం సుమారుగా 30 నుంచి 60 యూరోలు, క్రాకోవ్, బుడాపెస్ట్ లాంటి చోట్ల 12 నుంచి 25 యూరోలు ఉంటుంది. దానికి ఏమేం చేరతాయో చూడండి.

సిటీ ట్యాక్స్ ఒకటి. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2024 నుంచి ఇది గది ధరలో 12.5 శాతం. బెర్లిన్‌లో 2025 నుంచి 7.5 శాతం. ప్రాగ్‌లో మనిషికి రాత్రికి 50 చెక్ కొరునాలు. ఇటలీ ఊళ్లలో మనిషికి ఇంతని ఉంటుంది, తరచుగా కౌంటర్ దగ్గర నగదుగా అడుగుతారు. కొన్ని యాప్‌లు పన్ను కలిపి చూపిస్తాయి, కొన్ని చివరి పేజీలో చిన్న అక్షరాల్లో రాస్తాయి. దుప్పటి, తువ్వాలు రెండోది. పడక మీద దుప్పటికి విడిగా డబ్బు తీసుకునే హాస్టళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మన స్లీపింగ్ బ్యాగ్ వాడతామంటే చాలా చోట్ల ఒప్పుకోరు. కారణం కింద నల్లుల దగ్గర చెబుతాం. ఇక లాకర్, తాళం కిరాయి, బ్రేక్‌ఫాస్ట్, ట్రామ్ చార్జీ.

ఆమ్‌స్టర్‌డామ్‌లో రెండు హాస్టళ్లు దొరికాయనుకుందాం. ఊరి చివర ఉన్నది 28 యూరోలు. కాలువల దగ్గర, స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగేది 38 యూరోలు. మొదటిదానికి పన్ను 3.50, దుప్పటి సెట్టు 5, రానూపోనూ ట్రామ్ 7, బయట టిఫిన్ 8 కలిపితే 51.50 అయింది. రెండోదానికి పన్ను 4.75. దుప్పటి, టిఫిన్ అందులోనే, ట్రామ్ అక్కర్లేదు. మొత్తం 42.75. పది యూరోలు ఎక్కువ అనుకుని వదిలేసిందే దాదాపు తొమ్మిది యూరోలు చవక. పైగా రోజూ గంట మిగిలింది. ఈ లెక్క ప్రతి ఊరికీ వేయండి. ఫోన్‌లో ఒక షీట్ తెరిచి పెట్టుకుంటే రెండు నిమిషాల పని.

ఊరి చివర ఉండటం ఎప్పుడూ నష్టమే అని కాదు. వెనిస్ ద్వీపం మీద మంచం రేట్లు మండిపోతాయి. రైల్లో పది, పన్నెండు నిమిషాల దూరంలో, నేల మీదున్న మెస్త్రేలో చాలా తక్కువ. 2024 నుంచి కొన్ని రోజుల్లో వెనిస్‌కు ఉదయం వచ్చి సాయంత్రం పోయేవాళ్ల దగ్గర ప్రవేశ రుసుము తీసుకుంటున్నారు. మెస్త్రే వెనిస్ మున్సిపాలిటీలోదే కాబట్టి అక్కడ రాత్రి ఉండేవాళ్లకు అది పడదు. కాకపోతే మినహాయింపు కోసం ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి.

మూడో మెట్టు: రివ్యూలు చదవడం

పదికి ఇచ్చే మార్కు చూసి మురిసిపోకండి. వెయ్యి రివ్యూల మీద 8.6 వచ్చిన హాస్టల్, పదిహేను రివ్యూల మీద 9.5 వచ్చినదానికన్నా నమ్మదగ్గది. హాస్టల్‌వరల్డ్ అనే బుకింగ్ యాప్‌లో మార్కు కింద భద్రత, ప్రదేశం, సిబ్బంది, వాతావరణం, శుభ్రత, సౌకర్యాలు, డబ్బుకు తగ్గ విలువ అని విడివిడిగా ఉంటాయి. వాతావరణం 9.6, శుభ్రత 7.4 అంటే అది బారు, పైన పడుకోవడానికి మంచాలు ఉన్నాయంతే. పార్టీ కోసమే వెళ్తే అలాంటిది తీసుకోండి. నిద్ర కావాలంటే శుభ్రత, భద్రత రెండూ 8.5 దాటాలి. ఒక్కటి తగ్గినా మేమైతే పక్కన పెడతాం.

తర్వాత రివ్యూలను కొత్తవి ముందు వచ్చేలా పెట్టి చివరి మూడు నెలలవి చదవండి. యాజమాన్యం మారితే మూడేళ్ల కిందటి పొగడ్త పనికిరాదు. మీరు జులైలో వెళ్తుంటే నిరుడు జులై, ఆగస్టు రివ్యూలు కూడా వెతకండి. జనవరిలో హాయిగా ఉన్న రోమ్ డార్మ్ ఏసీ లేకపోతే జులైలో కొలిమి. జర్మనీ, నెదర్లాండ్స్ వైపు ఏసీ లేని హాస్టళ్లు చాలానే ఉన్నాయి. అక్కడా జులైలో ఎండలు ముదిరే రోజులుంటాయి.

వెతుకు పెట్టెలో 'బెడ్ బగ్స్', 'స్మెల్', 'స్టోలెన్', 'నాయిస్' అని కొట్టి చూడండి. ఒక్కరు తిట్టారంటే ఆ రోజు వాళ్ల మూడ్ బాగోలేదేమో. ఒకే నెలలో వేర్వేరు దేశాల వాళ్లు ముగ్గురు నల్లులన్నారంటే నల్లులే. యాజమాన్యం ఇచ్చిన జవాబు చదవడం మర్చిపోవద్దు. 'ఆ గది మూసి మందు కొట్టించాం' అన్నవాళ్లను నమ్మొచ్చు. 'మీరే తెచ్చి ఉంటారు' అని ఎదురు తిరిగినవాళ్ల దగ్గరకు పోకండి.

ఫొటోల్లో చూడాల్సినవి నాలుగే. మంచానికి తెర ఉందా? ప్రతి మంచం దగ్గరా ప్లగ్, దీపం ఉన్నాయా? మంచం కింద లాకర్ బ్యాక్‌ప్యాక్ మొత్తం పట్టేంత ఉందా, లేక రిసెప్షన్ దగ్గర చెప్పుల పెట్టె సైజు గూళ్లున్నాయా? పై బంకుకు అంచు కడ్డీ ఉందా? ఫొటోలన్నీ బారువి, మేడ మీద సూర్యాస్తమయానివి పెట్టి బాత్రూమ్ ఫొటో ఒక్కటీ లేకపోతే కారణం మీరే ఊహించుకోవచ్చు.

'లాకౌట్', 'కర్‌ఫ్యూ' (రాత్రి గేటు మూసే వేళ), వయసు పరిమితి అన్న మాటలు నియమాల్లో వెతకండి. లాకౌట్ అంటే మధ్యాహ్నం శుభ్రం చేయడానికి కొన్ని గంటలు అందరినీ బయటకు పంపడం. రాత్రి బస్సులో వచ్చి పడుకుందామనుకున్నవాళ్లకు అది నరకం. కొన్ని పార్టీ హాస్టళ్లు 35 లేదా 40 ఏళ్లు దాటినవాళ్లను డార్మ్‌లోకి తీసుకోవు. చాలా చోట్ల 18 ఏళ్లలోపు వాళ్లకూ డార్మ్ ఇవ్వరు.

ఏ రకం హాస్టల్?

యూరప్ హాస్టళ్లలో స్థూలంగా మూడు రకాలు. మైనింగర్, ఏ అండ్ ఓ లాంటి గొలుసు సంస్థలవి సగం హోటల్, సగం హాస్టల్. ఎక్కువగా స్టేషన్ల దగ్గర పెద్ద భవనాల్లో ఉంటాయి. ఆత్మ తక్కువ, అనుకున్నది అనుకున్నట్టు దొరకడం ఎక్కువ. అర్ధరాత్రి దిగేవాళ్లకు ఇవే నయం. రెండో రకం సొంతదారులు నడిపే చిన్న హాస్టళ్లు. ముప్పై, నలభై మంచాలు, అందరూ కలిసి వండుకునే సాయంత్రాలు. స్నేహాలు కుదిరేది ఇక్కడే. లిస్బన్‌కు ఇలాంటివాటిలో మంచి పేరుంది.

మూడోవి యూత్ హాస్టళ్లు. రిచర్డ్ షిర్‌మన్ అనే జర్మన్ బడిపంతులు పిల్లల్ని కాలినడక యాత్రలకు తీసుకెళ్తూ, రాత్రి తలదాచుకోవడానికి చవక చోటు కావాలని పట్టుబట్టాడు. 1912లో ఆల్టెనా కోటలో మొదటి శాశ్వత యూత్ హాస్టల్ పెట్టారు. ఆ వాసన ఇప్పటికీ పోలేదు. శుభ్రంగా, క్రమశిక్షణతో ఉంటాయి, పొద్దున్నే బడిపిల్లల గుంపులతో భోజనశాల దద్దరిల్లుతుంది. జర్మనీలో వీటికి సభ్యత్వం తప్పనిసరి. యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా కూడా ఈ యూత్ హాస్టళ్ల అంతర్జాతీయ సమాఖ్యలో ఉంది. ఇక్కడ సభ్యత్వం తీసుకుని వెళ్తే అక్కడ విడిగా కట్టే పని తప్పుతుంది.

డార్మ్ ఎంతమందిది తీసుకోవాలన్నదానికి మా లెక్క ఇది: మొదటి రెండు రాత్రులు నాలుగు లేదా ఆరు మంచాలది. విమానం అలసట, టైమ్ తేడా తీరాలి. తర్వాత ఎనిమిది దాకా పర్లేదు. పన్నెండు దాటితే అలారాలు, గురకలు, అర్ధరాత్రి బ్యాగు జిప్పులు కలిసి ఏదో ఒక గంటలో లేపుతాయి. మంచాల సంఖ్య ఒక్కటే చూడకండి, ఎంతమందికి ఒక బాత్రూమో చూడండి. ఆరేడుగురికి ఒకటి ఉంటే ఉదయం క్యూ నడుస్తుంది. పదిమందికి ఒకటైతే ఎనిమిది గంటల రైలుకు ఆరింటికే లేవాలి. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు మహిళల డార్మ్ ఒకటి రెండు యూరోలు ఎక్కువైనా ఆ డబ్బుకు తగ్గదే. దానితోపాటు రిసెప్షన్ 24 గంటలూ ఉండాలి. లిఫ్టు, మెట్ల తలుపు కీకార్డు లేనిదే తెరుచుకోకూడదు.

మ్యాపు మీద పది నిమిషాలు

'సిటీ సెంటర్‌కు 2 కిలోమీటర్లు' అన్న మాటను పట్టించుకోకండి. మీకు కావాల్సింది దిగే చోటు నుంచి దూరం. ఊళ్ల మధ్య తిరిగే ఫ్లిక్స్‌బస్ ప్రాగ్‌లో ఫ్లోరెంట్స్ (Florenc) బస్టాండ్‌లో దింపుతుంది, పారిస్‌లో బెర్సీ సేన్ దగ్గర. అక్కడి నుంచి హాస్టల్ దాకా మ్యాప్‌లో నడక దారి పెట్టి, మీరు దిగే గంటకు మెట్రో నడుస్తుందో లేదో చూడండి. తర్వాత స్ట్రీట్ వ్యూలో ఆ వీధి నడిచి చూడండి. కింద బారు ఉందా, ఎదురుగా ట్రామ్ మలుపు ఉందా తెలుస్తుంది. బుడాపెస్ట్ ఏడో జిల్లాలో శిథిల భవనాల బార్ల మధ్య హాస్టళ్లు చవకే, తెల్లవారుజాము దాకా వీధి నిద్రపోదు. అక్కడే ఉండాలంటే లోపలి పెరటి వైపు గది అడగండి.

బుకింగ్, కార్డు

హాస్టల్ సొంత వెబ్‌సైట్ కూడా ఒకసారి చూడండి. నేరుగా తీసుకుంటే తగ్గింపో, ఉచిత టిఫినో ఇచ్చేవి ఉన్నాయి. మన బ్యాంకు కార్డుల్లో విదేశీ లావాదేవీలు మామూలుగా ఆపేసి ఉంటాయి. బయల్దేరే ముందే యాప్‌లో ఆన్ చేసి, పరిమితి పెంచుకోవాలి. ఇది మర్చిపోతే జరిగేది ఇదీ: హాస్టల్ వాళ్లు రెండు రోజుల ముందు మొదటి రాత్రి డబ్బు తీసుకోబోతారు, కార్డు తిరగ్గొడుతుంది, బుకింగ్ రద్దయినట్టు మెయిల్ వస్తుంది. మీరేమో ఆ సమయానికి రైల్లో ఉంటారు. ఓటీపీ వచ్చే మన సిమ్‌కు రోమింగ్ ఉండటం కూడా ఇందుకే అవసరం. కౌంటర్ దగ్గర మిషన్ 'రూపాయల్లోనా, యూరోల్లోనా' అని అడిగితే ఎప్పుడూ యూరోలే నొక్కండి. రూపాయలంటే వాళ్ల మారకం రేటు పడుతుంది.

రిసెప్షన్ రాత్రి పదింటికి మూసే చోటికి మీ బస్సు పదకొండున్నరకు చేరుతుందంటే ముందే మెయిల్ పెట్టి తలుపు కోడ్ తెప్పించుకోండి. ఏమీ చెప్పకుండా రాకపోతే 'నో షో' కింద మొదటి రాత్రి డబ్బు పోవడమే కాదు, మిగతా రాత్రుల మంచం కూడా ఇంకొకరికి ఇచ్చేస్తారు.

దిగిన మొదటి ఐదు నిమిషాలు: నల్లుల వేట

కౌంటర్‌లో పాస్‌పోర్ట్ చూపించాలి, విదేశీయుల వివరాలు నమోదు చేయడం చాలా దేశాల్లో చట్టం. స్కాన్ చేసుకోనివ్వండి, పూచీ కింద వాళ్ల దగ్గర వదలకండి.

గదిలోకి వెళ్లగానే బ్యాగు మంచం మీద పడేయకండి. నేల మీద, మంచాలకు దూరంగా గచ్చు ఉన్న చోటో, బాత్రూమ్‌లోనో పెట్టండి. ఫోన్ టార్చ్ వెలిగించి, దుప్పటి మూల ఎత్తి పరుపు అంచు కుట్ల వెంబడి చూడండి. నాలుగు మూలలూ, ముఖ్యంగా తలవైపు. పెద్ద నల్లి సుమారు 5 మిల్లీమీటర్లు, ఆపిల్ గింజంత ఉంటుంది, గోధుమ రంగు. నల్లి కనబడకపోయినా దాని గుర్తులు కనబడతాయి: పెన్ను మొనతో చుక్కలు పెట్టినట్టు నల్లటి మచ్చలు, రాలిన తేలికపాటి పొరలు, ఎండిన రక్తం మరకలు. చెక్క మంచమైతే పలకల కీళ్లు, మేకుల రంధ్రాలు చూడండి. ఇనుప మంచంలో దాక్కునే చోట్లు తక్కువ, అందుకే మంచి హాస్టళ్లు ఇనుపవి వేస్తాయి. స్లీపింగ్ బ్యాగులు వద్దనేదీ ఇందుకే. ఒక ఊరి నల్లులు వాటి మడతల్లో ఎక్కి ఇంకో ఊళ్లో దిగుతాయి.

కనబడితే ఫొటో తీసి రిసెప్షన్‌కు చూపించి గది మార్చమనండి. పక్క మంచం కాదు, వేరే గది, కుదిరితే వేరే అంతస్తు. ఒప్పుకోకపోతే డబ్బు వెనక్కి అడిగి, ఆ ఫొటోలతోనే బుకింగ్ యాప్ సహాయ కేంద్రానికి అప్పటికప్పుడే రాయండి. బయటికొచ్చాక రాస్తే బలం తగ్గుతుంది. ఒకటి గుర్తుంచుకోండి. నల్లి కుట్టిన దద్దుర్లు కొందరికి కొన్ని రోజుల తర్వాత గానీ లేవవు. ఇవాళ కనబడిన దద్దుకు ఇవాళ్టి హాస్టలే కారణం కానక్కర్లేదు. అనుమానముంటే బట్టలన్నీ 60 డిగ్రీల నీళ్లలో ఉతికి, డ్రైయర్‌లో ఎక్కువ వేడి మీద అరగంట తిప్పండి. వాటిని చంపేది వేడి. సబ్బు కాదు.

తాళం, ప్లగ్గు, వంటగది

తాళం మీదే పట్టుకెళ్లండి, నంబర్ల తాళమైతే చెవి పోయే గొడవుండదు. కడ్డీ మందం 5, 6 మిల్లీమీటర్లు ఉంటే ఎక్కువ లాకర్లకు సరిపోతుంది. సూట్‌కేసు జిప్పుకు వేసే బుల్లి తాళం ఆనదు, ఇంటి గేటుకు వేసే కప్ప రంధ్రంలో దూరదు. మన ఫోన్ చార్జర్ల గుండ్రటి సన్న రెండు పిన్నులు యూరప్ ప్లగ్గుల్లో నేరుగా పడతాయి, కరెంటు కూడా మన 230 వోల్టులే. మూడు పిన్నుల ల్యాప్‌టాప్ చార్జర్‌కు అడాప్టర్ కావాలి. బ్రిటన్, ఐర్లాండ్‌లలో చదరపు మూడు పిన్నులు, వాటికి వేరే అడాప్టర్.

శాకాహారులకు వంటగది ఉన్న హాస్టల్ రోజుకు పది, పదిహేను యూరోలు మిగులుస్తుంది. వంటగది ఉందన్నంత మాత్రాన వండనిస్తారనుకోవద్దు. కొన్ని చోట్ల మైక్రోవేవ్, కెటిల్ తప్ప ఏమీ ఉండదు. ఫొటోలో పొయ్యి కనబడాలి. అది ఇండక్షన్ అయితే మీరు మోసుకెళ్లిన అల్యూమినియం గిన్నె వేడెక్కదు. ఎండుమిర్చి తాలింపు మాత్రం పెట్టకండి. పొగ అలారం మోగి భవనమంతా ఖాళీ అవుతుంది. అగ్నిమాపక బండి వస్తే ఆ బిల్లు మీ మీద వేసే హాస్టళ్లున్నాయి. పప్పుపొడి, ఊరగాయ ఉంటే తాలింపు లేకుండానే గడిచిపోతుంది. నెయ్యి, పాలకోవా లాంటి పాల పదార్థాలు మన దేశం నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లకూడదు. పచ్చి కరివేపాకూ అంతే. ఫ్రిజ్‌లో పెట్టే ప్రతిదాని మీదా పేరు, వెళ్లే తేదీ రాయండి, లేకపోతే ఉమ్మడి సొత్తే. 'ఫ్రీ ఫుడ్' అని రాసిన అరలో వెళ్లిపోయినవాళ్లు వదిలిన బియ్యం, పాస్తా, నూనె దొరుకుతాయి, కొనేముందు అది చూడండి. జర్మనీలో ఆదివారం సూపర్ మార్కెట్లు మూత. శనివారం సాయంత్రమే కొనుక్కోవాలి, లేదంటే పెద్ద రైల్వే స్టేషన్‌లో ఉండే దుకాణమే గతి.

తెల్లవారుజాము రైలుంటే ముందు రాత్రే బ్యాగు సర్దేసి, పొద్దున వేసుకునే బట్టలు, పళ్లపొడి, పాస్‌పోర్ట్ ఒక గుడ్డ సంచీలో విడిగా పెట్టుకోండి. ప్లాస్టిక్ కవర్లు వద్దు. చీకట్లో వాటి గరగరకు ఎనిమిదిమందీ లేచి కూర్చుంటారు. కీకార్డుకు డిపాజిట్ కట్టి ఉంటే, ఆ గంటకు రిసెప్షన్‌లో మనిషి ఉంటారో లేదో రాత్రే కనుక్కుని వెనక్కి తీసుకోండి.